పన్నెండో దొంగ

జూన్ 3

అత్తా,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్క వాటా వాళ్లు మన ఇంటి సంగతులన్నీ కంఠతా పట్టేస్తారు. అందుకని ఉత్తరం. ఇందులోనూ భయం లేకపోలేదు. నువ్వు అక్షర దోషాలకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపుతావు. పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా మేనత్త చేత సున్నాలు చుట్టించుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, పిల్లల చేత "ఎర్రసిరా" అని పేరు పెట్టించుకున్నదానివి. నిన్ను మార్చడం నా తరమా.

ఉద్యోగం బాగుంది. స్టాఫ్ రూములో నా కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద నిరుటి టైం టేబులు మడిచి పెట్టారు, కాబట్టి టైం టేబుల్ వల్ల ఒక ఉపయోగం ఉందని ఒప్పుకోవాలి. ప్రాక్టికల్స్ గదిలో తొమ్మిది మైక్రోస్కోపులున్నాయి. నాలుగింటికే చూపుంది.

అసలు సంగతికొస్తాను. క్లాసులో నలభై ఆరుగురు, పుస్తకాలు ఐదు. కాలేజీ పెట్టిన పుస్తకం తలగడంత ఉంది, ధర చూస్తే నాకే కళ్లు తిరిగాయి. పైగా రెండేళ్లకోసారి అట్ట మార్చి, పేజీల నంబర్లు అటూ ఇటూ జరిపి కొత్తదని అమ్ముతారు. అక్క పుస్తకం చెల్లెలికి పనికిరాదు. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ బయటికివ్వరు. ఆఖరి బెంచిలో కిటికీ పక్కన కూర్చునే ఒకమ్మాయి రోజూ లైబ్రరీకి వెళ్లి మొదటి మూడు పాఠాలు బొమ్మలతో సహా చేత్తో ఎక్కించుకుంది. ఎంత అయిందని అడిగితే, "ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి మేడం" అని మామూలుగా చెప్పింది. "ఎవరూ పుస్తకం కొనకండి, నేను చూసుకుంటాను" అని క్లాసు మొత్తానికి మాట ఇచ్చేశాను.

మాటైతే ఇచ్చాను కానీ, చూసుకోవడం ఎలాగో అప్పటికి తెలియదు. లైబ్రేరియన్ గారు నెత్తిన పాలు పోశారు. నెట్‌లో ఊరికే దొరికే కాలేజీ పుస్తకాలు చాలా ఉన్నాయట. దొరికిందల్లా వాడుకోకూడదట. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అనుమతి ఏమిటో చూడాలి. కొన్ని చదువుకోవడానికే, కొన్ని కాపీ తీసుకోవడానికి కూడా, కొన్ని మనకి కావలసినట్టు మార్చుకోవడానికి సైతం. వారం రోజులు ఆ అడుగు అక్షరాలే చదివి ఒక మంచి పుస్తకం పట్టాను. పాఠాలు శుభ్రంగా ఉన్నాయి. ప్రాక్టికల్స్ భాగం మాత్రం లేదు. కాండాన్ని ఎలా కోయాలి, ఏం చూడాలి, ఎలా గీయాలి, ఏదీ లేదు.

అదంతా నీ నోట్సులో ఉంది. జూలై 5న పుస్తకాల కమిటీ కూర్చుంటుంది. ఆ లోపు నేను పూర్తి సరంజామా చూపించకపోతే మా డిపార్టుమెంటు పెద్దసారు ఆ తలగడనే ఖాయం చేస్తారు. నేను పిల్లలకి మొహం చూపించలేను. ఇస్తావా?

నీ పిడుగు


జూన్ 9

పిడుగా,

నీ ఉత్తరంలో తప్పులు మూడు. "విద్యార్థులు" అనే మాట లేకుండానే ఇంత పొడుగు ఉత్తరం ఎలా రాశావా అని ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థమైంది, చివర థ రాయాలో ధ రాయాలో తెలియక "పిల్లలు" అని నెట్టుకొచ్చావు. దాన్నీ ఒక తప్పుగా లెక్క వేశాను. మిగతా రెండింటికి సున్నాలు చుట్టాను, చూసుకో.

మా రోజుల్లోనూ పుస్తకం అంతే బరువు, అంతే ధర. అందుకే ఆ ప్రాక్టికల్స్ నోట్సు, పన్నెండు పాఠాలు, కూర్చుని రాశాను. మీ నాన్న అప్పట్లో నాకు పెన్సిళ్లు చెక్కిపెట్టేవాడు. వాడు చెక్కితే సగం పెన్సిలు చెత్తబుట్టలో ఉండేది.

నోట్సు పార్సిల్ చేశాను. ఒక్క సంగతి. అందులో పన్నెండు మంది దొంగలున్నారు, పాఠానికొకడు. వాళ్లని పట్టుకోకుండా పిల్లల చేతికిచ్చావంటే నీ పరువూ నా పరువూ కలిసి పోతాయి. నీకు విడమరిచి చెప్పాలా, మా కాలేజీలో గుమాస్తాకి కూడా తెలుసు ఆ దొంగల సంగతి.

గది కిటికీకి తెర కట్టుకో. తిండి మానకు.

అత్త


జూన్ 17

అత్తా,

పార్సిల్ అందింది. నువ్వు ముందే హెచ్చరించి మంచి పని చేశావు. సంచి విప్పగానే మొదటి దొంగ కనిపించాడు. ఆదివారమంతా డాబా మీద కూర్చుని పేజీ పేజీ తిప్పాను. ఒక్కణ్ని కూడా వదల్లేదు. పన్నెండు మంది అన్నావు కానీ ఇంకా ఎక్కువే దొరికారు. ఇప్పుడు నోట్సు కడిగిన ముత్యంలా ఉంది, ఎవరి చేతికైనా నిశ్చింతగా ఇవ్వొచ్చు.

నీ బొమ్మల గురించి ఏం చెప్పను. తీగల పాఠంలో కర్రని చుట్టుకుని పైకి పోయే ఆ చిక్కుడు తీగ బొమ్మ చూసి లైబ్రేరియన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆవిడ సాయంతో పేజీలన్నీ నీ చేతిరాతతోనే స్కాన్ చేశాను. చిన్నప్పటి నుంచీ నీ అక్షరమంటే నాకు మారు మాట లేదు కదా, మళ్లీ టైపు చేయబుద్ధి కాలేదు.

ఇందులో ఒక అనుమతి పత్రం పెట్టాను, సంతకం చేసి పంపు. దాని సారాంశం ఇది: ఈ నోట్సు ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు. రాసినవారి పేరు మాత్రం తీసెయ్యకూడదు. నీ పేరు అట్ట మీద ఎలా వేయమంటావో కూడా రాయి.

తెర కట్టిన నీ పిడుగు


జూన్ 22

పిడుగా,

దొంగలందర్నీ పట్టేశావని చదివి ఒకసారి లేచి గది చుట్టూ తిరిగొచ్చాను. మా బ్యాచీల్లో బాగా తెలివైన వాళ్లకి కూడా ఏడాదికి ఆరుగురో ఏడుగురో దొరికేవారు. పన్నెండు కంటే ఎక్కువ దొరికారనడం మాత్రం నీ చిన్నప్పటి గొప్పలు. పోనీలే, నా మేనకోడలివి.

ఇక ఆ పత్రం. "మార్చుకోవచ్చు" అట. ఎవరు మార్చేది? ఏం మార్చేది? నా బొమ్మకి ఎవడో దారిన పోయేవాడు మీసాలు పెడతాడు, దాని కింద నా పేరుంటుంది. చదువుకోమను, కాపీ తీసుకోమను, గోడకి అంటించుకోమను. మార్చడానికి వీల్లేదు. ఆ చిక్కుడు బొమ్మకి నేను పదకొండు రోజులు పెట్టాను. ఇంతకీ ఊరికే ఇస్తే ఎవరికీ విలువ ఉండదు. పత్రం మీద సంతకం పెట్టలేదు. పెట్టను. నా పేరూ వద్దు.

కోపంగా ఉన్నాను కాబట్టి ఈసారి నీ తప్పులు లెక్కపెట్టలేదు.

అత్త


జూన్ 27

అత్తా,

నీకు కోపం వస్తే అక్షరాలు ఇంకా గుండ్రంగా వస్తాయి, ఆ సంగతి నీకు తెలుసా?

మార్చడమంటే మీసాలు పెట్టడం కాదు. నా దగ్గర నాలుగు మైక్రోస్కోపులే పని చేస్తాయి, నీ దగ్గర ఇరవై ఉండేవి. నువ్వు "ప్రతి ఒక్కరూ చూసి గీయాలి" అని రాసిన చోట నేను "పన్నెండేసి మంది ఒక జట్టుగా" అని రాసుకోవాలి. రేపు ఇంకో కాలేజీలో మైక్రోస్కోపే ఉండదు, వాళ్లు భూతద్దంతో చేయిస్తారు, ఆ మాట రాసుకుంటారు. మార్చడానికి వీల్లేదంటే ఆ పత్రం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఎవరు ఏది మార్చినా, ఎవరు ఎప్పుడు మార్చారో కింద రాయాలి. నీ బొమ్మ నీ బొమ్మగానే ఉంటుంది.

ఇంకో చిక్కుంది. ఊరికే వచ్చే పుస్తకమంటే పెద్దసారుకి ముందే అనుమానం. "ఒక్క తప్పు కనపడినా ఆ రోజే పాత పుస్తకం తెప్పిస్తాను" అన్నారు. నేను ధైర్యంగా ఒప్పుకున్నాను, నీ నోట్సు కదా.

విలువ సంగతి అడిగావు. మొన్న స్కాన్ చేసిన మొదటి పాఠం ఆఖరి బెంచి అమ్మాయికి ఇచ్చాను. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడదు. తీసుకుని, "ఇది ఇంటికి తీసుకెళ్లొచ్చా మేడం" అని రెండుసార్లు అడిగింది. నువ్వు ఆ మొహం చూసి ఉంటే రెండు చేతులతో సంతకం పెట్టేదానివి.

ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి అత్తా. కాళ్లు పట్టుకోవడం ఉత్తరంలో కుదరదు, పట్టుకున్నట్టే అనుకో.

నీ పిడుగు


జూలై 1

పత్రం మీద సంతకం పెట్టాను. ఇదే కవరులో ఉంది. పేరు మాత్రం వద్దు, "ఒక అధ్యాపకురాలు" అని వేసుకో. రెండుసార్లు అడిగిందన్నావు చూడు, అక్కడ పడిపోయాను.

అత్త


జూలై 8

అత్తా,

గెలిచాం. పెద్దసారు నీ నోట్సు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశారు. బొమ్మలు చూసి మురిసిపోయి, "ఇలా గీసేవాళ్లు ఇప్పుడెవరున్నారు" అని నా వైపు జాలిగా చూశారు. కమిటీ ఈ ఏడాదికి ఒప్పుకుంది, సెప్టెంబరులో ఇంకోసారి చూసి పూర్తిగా ఖాయం చేస్తారు. నోట్సు కాలేజీ వెబ్‌సైటులో పెట్టేశాం. జిరాక్సు షాపాయన నలభై ఆరు కాపీలు కుట్టి ఇచ్చాడు. వేరే కాలేజీ నుంచి ఒకాయన మేమూ వాడుకుంటాం అని రాశారు కూడా.

క్లాసులో పంచినప్పుడు కాగితాలు తిప్పే చప్పుడొక్కటే. నాకు ఏడుపొచ్చి, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

నీ విజయోత్సాహి


జూలై 13

పిడుగా,

"విజయోత్సాహి" అట, ఎక్కడ నేర్చావే ఇలాంటి మాటలు. సంతోషం. నాకూ కళ్లు చెమర్చాయి, కానీ నేను తుడుచుకోవడానికి ఇక్కడ బోర్డు లేదు.

ఇప్పుడు తీరిగ్గా చెప్పు, ఏ దొంగ నిన్ను ఎక్కువ ఏడిపించాడు? నాకు ముద్దొచ్చేవాడు మూడో పాఠంలో వాడు. బంగాళాదుంపని వేరు అని రాసి, దాని కళ్లన్నీ చక్కగా గీసి, కాండమని తెలిసిపోయే ఆధారాలన్నీ బొమ్మలోనే పెట్టాను. అయినా సగం మంది వేరనే రాసేవారు. బఠానీ పువ్వుకి ఆరు రేకులు పెట్టినవాణ్ని చిన్న పిల్లయినా పట్టేస్తుంది. పుట్టగొడుగు ఆకుల్లాగా ఎండలో ఆహారం తయారు చేసుకుంటుందని రాశానే, వాడు ఎన్నో రోజు దొరికాడు?

తొందరగా రాయి. ఈ ముచ్చట చెప్పుకోవడానికి నాకు ఇక్కడ మనిషి లేదు.

అత్త


జూలై 17

అత్తా, కొంప మునిగింది.

దొంగలంటే తప్పులా? కావాలని పెట్టిన తప్పులా? నేను పట్టుకున్నవి పురుగులు. పాత కాగితాల్లో తిరిగే వెండిరంగు పురుగులు. సంచి విప్పగానే ఒకటి తళుక్కుమని పరుగెత్తింది, ఇదే కాబోలు నువ్వన్న దొంగ అనుకున్నాను. డాబా మీద ఎండలో ఆరబెట్టి దులిపాను. ఎక్కువే దొరికాయి అన్నది అందుకే, గుడ్లతో సహా పోగొట్టాను.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. పక్కన పెద్దసారు నీ నోట్సే తిరగేస్తున్నారు. మూడో పాఠం. బంగాళాదుంప దగ్గర వేలు పెట్టి ఉన్నారు.

మామూలు మనుషులు "ఇందులో తప్పులు పెట్టాను" అని తెలుగులో రాస్తారు అత్తా. దొంగలట, గుమాస్తాకి కూడా తెలుసట. నేనేమైనా మీ కాలేజీ గుమాస్తానా? నీ మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది. వృక్షశాస్త్రం చదివినదాన్ని, పన్నెండు పాఠాలు ఒక్కొక్క పేజీ గాజు మీద పెట్టి స్కాన్ చేశాను, ఒక్క తప్పూ కనపడలేదు. ఎందుకంటే నేను చదవలేదు. నువ్వు రాశావు కదా అని కాపీ చేశాను.

పన్నెండు మంది జాబితా వెంటనే పంపు. ముద్దొచ్చే వాళ్లని విడిగా చెప్పనక్కర్లేదు.

మేనకోడలు


జూలై 21

పిడుగా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. జాబితా వెనక పేజీలో ఉంది.

ఈ దొంగల కథ నీకు ముందే చెప్పాల్సింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది పాఠం చెబుతూ పొరపాటున ఒక మాట తప్పు చెప్పాను. అరవై మంది పరీక్షలో అదే తప్పు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నాకు భయమేసింది. అప్పటి నుంచి పాఠానికొక దొంగని పెట్టడం మొదలుపెట్టాను. పట్టుకున్నవాళ్లకి ఒక ఎర్ర పెన్ను బహుమానం. నా మాటని కూడా అనుమానించాలని. నువ్వు అనుమానించలేదు చూడు, దానికి నేను మురవాలో ఏడవాలో తెలియడం లేదు.

జాబితాలో పదకొండే ఉన్నాయని కంగారు పడకు. పన్నెండో దొంగ లేడు. తీగల పాఠంలో దొంగని పెట్టబుద్ధి కాలేదు, ఆ చిక్కుడు బొమ్మ నా ప్రాణం. అయినా పన్నెండు మంది అనే చెప్పేదాన్ని. పన్నెండో వాడి కోసం పిల్లలు ఆ పాఠాన్ని పదిసార్లు చదివేవారు. ముప్పై ఏళ్లలో ఒక్కరికీ దొరకలేదు. లేనివాడు ఎలా దొరుకుతాడు.

పెద్దసారుకి ఉన్నదున్నట్టు చెప్పెయ్. దాచకు.

నీ దొంగల నాయకురాలు


ఆగస్టు 12

అత్తా,

పదకొండు మందినీ ఎర్రసిరాతో దిద్ది, వెబ్‌సైటులో పేజీలు మార్చి, ఆ వేరే కాలేజీ ఆయనకి కూడా రాశాను. క్లాసులో పిల్లల చేతే వెతికించి దిద్దించాను. తర్వాత పెద్దసారు దగ్గరికెళ్లి చెప్పాను. మొహం ముడుచుకుని అంతా విన్నారు. అత్త అంటే మా ఆయన తల్లి అనుకున్నారు, నాకు పెళ్లే కాలేదని మర్చిపోయి. "అత్తగారిని ఇంతగా వెనకేసుకొచ్చే కోడల్ని ఇప్పుడే చూస్తున్నాను" అని ఒక్క క్షణం నవ్వి, మళ్లీ ముడుచుకున్నారు. మనమే దిద్దుకుని చెప్పాం కాబట్టి ఈసారికి వదిలేస్తున్నానని, ఇంకొక్క తప్పు కనపడితే సెప్టెంబరులో పాత పుస్తకమేనని అన్నారు. పన్నెండో దొంగ లేడని నీ మాట మీద ఆయనకి మాటిచ్చాను.

ఇప్పుడు ఎలా చెప్పాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను.

జూలైలో పిల్లలందరి చేతా గ్లాసుల్లో చిక్కుడు గింజలు వేయించాను, నీ నోట్సులో చెప్పినట్టే. పుల్లలు గుచ్చాం. కిటికీ గూట్లో నలభై ఆరు గ్లాసులు. తీగ చుట్టుకోవడం మొదలైనప్పుడు చూసి గీయమన్నాను. ఆఖరి బెంచి అమ్మాయి బొమ్మలో తీగ ఎడమ కింద నుంచి కుడి పైకి పోతోంది. నీ బొమ్మలో కుడి కింద నుంచి ఎడమ పైకి. నేను గ్లాసు వంక చూడకుండా, నీ బొమ్మ వంక చూసి, ఆ పిల్ల బొమ్మని ఎర్రసిరాతో కొట్టేశాను. మార్కులు తగ్గించాను.

వారం తర్వాత ఆ పిల్ల గూడు దగ్గర నిలబడి ఏదో చేస్తోంది. దగ్గరికెళ్లి చూశాను. తీగని విప్పి, పుస్తకంలో ఉన్నట్టు అటు తిప్పి చుట్టి, దారంతో కడుతోంది. రోజూ చేస్తోందట. "దారం తీస్తే మళ్లీ ఇటే తిరుగుతోంది మేడం. నా చిక్కుడు తప్పుగా పెరుగుతోంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడు చూశాను అత్తా. నలభై ఆరు గ్లాసులూ చూశాను. అన్నీ ఆ పిల్ల గీసినట్టే తిరిగాయి. ఒక్కటి కూడా తనంతట తాను నీ బొమ్మలా తిరగలేదు. మిగతా నలభై ఐదుగురూ గ్లాసు ముందు పెట్టుకుని నీ బొమ్మ చూసి గీశారు, నేను అందరికీ పూర్తి మార్కులు వేశాను.

బొమ్మని గుట్టుగా తిప్పి గీసి పెట్టేస్తే ఎవరికీ తెలియదు. నీ పేరు కూడా అట్ట మీద లేదు. పెద్దసారుకి చెబితే పుస్తకం పోతుంది, నా మాట పోతుంది, పిల్లలు మళ్లీ ఆ తలగడ కొనాలి. చెప్పకపోతే ఆ పిల్ల మొహం చూడలేను. ఏం చెయ్యమంటావు?

నిన్ను బాధపెట్టినందుకు క్షమించు.

నీ పిడుగు


సెప్టెంబరు 4

పిడుగా,

జవాబు ఆలస్యమైంది. అలిగానని అనుకుని ఉంటావు. మొదటి రోజు నిజంగానే అలిగాను. నలభై ఆరు చిక్కుళ్లకీ బుద్ధి లేదనుకున్నాను. రెండో రోజు బాల్కనీలో ఆరు గింజలు వేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు చిక్కుడు గురించి చెప్పాను కానీ, దాని ముందు కూర్చుని చూసింది ఇప్పుడే. నిన్న పొద్దునకి ఆరూ పుల్లలు చుట్టుకున్నాయి. ఎడమ నుంచి కుడికి. మీ ఆఖరి బెంచి చెప్పినట్టే.

ఎలా జరిగిందో కూడా గుర్తొచ్చింది. మొదట మొక్కని చూసే పెన్సిలుతో గీశాను, అది సరిగ్గానే ఉండి ఉంటుంది. నోట్సులోకి ఎక్కించడానికి కిటికీ అద్దానికి కాగితం ఆనించి, వెలుగులో దాని మీద ఇంకో కాగితం పెట్టి దిద్దాను. కింది కాగితం తిరగేసి పెట్టాను. అంతే. కుడి ఎడమైంది. ముప్పై బ్యాచీలు దాన్ని చూసి గీశాయి, నేను ముప్పై బ్యాచీలకి మార్కులు వేశాను. ఒక్కరైనా తీగ వంక చూసి ఉంటారు. చూసినవాళ్లు బహుశా తమ చిక్కుడే తప్పనుకున్నారు. నా మాటని అనుమానించడం నేర్పానని విర్రవీగాను. నేను దాచిన చోట మాత్రమే అనుమానించడం నేర్పాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. గుట్టుగా తిప్పి గీయడానికి వీల్లేదు. నా బొమ్మ అలాగే ఉంచి ఎర్రసిరాతో కొట్టెయ్. పక్కన ఆ పిల్ల బొమ్మ పెట్టు. కింద "తప్పు గీసింది ఎర్రసిరా, దిద్దింది ఆఖరి బెంచి" అని రాయి. అట్ట మీద కూడా ఎర్రసిరా అనే వేయి. పేరు వద్దన్నాను కదా, ఇప్పుడు కావాలి. మార్చడానికి వీల్లేదని ఆ రోజు మొండికేశాను. వీల్లేకుండా ఉండి ఉంటే ఆ తప్పు నా తర్వాత కూడా బతికేది.

ఈ ఉత్తరం మీ పెద్దసారుకి చూపించు. అయ్యా, నా మేనకోడలు మీకిచ్చిన మాట తప్పింది నా వల్ల. మీ ఖరీదైన పుస్తకంలో తప్పు దొరికితే దిద్దడానికి ఎవరికి ఎన్నాళ్లు పడుతుందో మీరే చెప్పండి. దీన్ని మీరు ఈ పూటే దిద్దొచ్చు.

ఆ పిల్లకి తగ్గించిన మార్కులు తిరిగి ఇచ్చెయ్, క్లాసులో అందరి ముందు. ఇందులో ఎర్ర పెన్ను పెట్టాను. రిటైరయ్యే రోజుకి నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. పన్నెండో దొంగ కోసమే దాచాననుకో.

ఇక ఆ నోట్సులో దొంగలెవరూ లేరు.

ఎర్రసిరా


సెప్టెంబరు 10

ఎర్రసిరా అత్తకి,

పెద్దసారు నీ ఉత్తరం రెండుసార్లు చదివారు. తర్వాత తలగడ పుస్తకం తీసి ఒక పేజీ తెరిచారు. అక్కడ పెన్సిలుతో చిన్న గీత ఉంది. "ఈ తప్పు గురించి ఆరేళ్ల కింద వాళ్లకి రాశాను. ఇంకా జవాబు రాలేదు" అన్నారు. కమిటీలో ఆయనే లేచి మన పుస్తకాన్ని ఖాయం చేయించారు. మీ అత్తగారికి నా నమస్కారాలు అని చెప్పమన్నారు. ఆయనకి ఇంకా పెళ్లి సంగతి గుర్తు లేదు, నేనూ దిద్దలేదు.

క్లాసులో అందరి ముందు నా తప్పు చెప్పి మార్కులు తిరిగిచ్చాను. ఆ పిల్ల దారం విప్పేసింది, తీగ దాని ఇష్టం వచ్చినట్టు పోతోంది. పెన్ను ఇస్తే చేతుల్లో తిప్పి తిప్పి చూసింది. రాసిన ఆవిడ ఉత్తరం కూడా చూడొచ్చా అని అడిగితే ఇచ్చాను. ఒక రోజు ఉంచుకుని ఈ పొద్దున తెచ్చిచ్చింది. చూసి, నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను.

నువ్వు "దొంగలెవరూ లేరు" అన్న చోట ఎర్రసిరాతో గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో "చూసి చెబుతాను" అని రాసింది.

పిడుగు